హెడ్‌లో నిలిచిపోయే ఆయిలు

ప్రశ్న: మాది కడప. పాత జిప్సీలోని 1298 సీసీ ఇంజిన్‌ను విప్పించి, కొత్త పిస్టన్లు వేయించి, టర్బో అమర్చుకున్నాను. ఊళ్లో తిరిగినంతసేపూ ఏ ఇబ్బందీ లేదు. రాయచోటి దారిలో ఘాట్‌ను గట్టిగా తొక్కుతూ ఎక్కితే మాత్రం క్యాచ్ క్యాన్‌లోకి (ఇంజిన్ గ్యాసుతో పాటు వచ్చే ఆయిలును పట్టే డబ్బా) టీ గ్లాసెడు ఆయిలు చేరుతోంది, ఆయిల్ ప్రెషర్ మీటరు ముల్లు ఊగుతోంది. గువ్వలచెరువులో కోవా కొనడానికి బండి ఆపిన వెంటనే డిప్‌స్టిక్ చూస్తే ఆయిలు కింది గీత దగ్గర ఉంటుంది. పావుగంట తర్వాత చూస్తే పై గీతకు వస్తుంది. నాలుగు సిలిండర్లలోనూ కంప్రెషన్ సమంగానే ఉంది. హెడ్ (సిలిండర్లను పైన మూసే భాగం) వెనక రంధ్రం వేసి ఇంజిన్ అడుగున ఉండే ఆయిల్ ఛాంబర్‌లోకి పైపు దించాలని మెకానిక్ అంటున్నాడు. చేయించవచ్చా? హెడ్ దింపకుండా కుదురుతుందా?
— ఒక పాఠకుడు

జవాబు: చేయించవచ్చు. హెడ్ దింపకుండా మాత్రం వద్దు.

మీ ఉత్తరంలో అన్నిటికంటే పనికొచ్చే మాట డిప్‌స్టిక్ గురించి రాసినది. రెండు గీతల మధ్య సాధారణంగా ఒక లీటరు అటూ ఇటూగా పడుతుంది. ఇంజిన్ ఆగగానే కొంత ఆయిలు గోడల వెంట జారుతూ ఉండడం సహజమే గానీ, పావుగంటలో అంత తేడా వచ్చిందంటే ఘాట్ ఎక్కినంతసేపూ అది హెడ్‌లోనే, పైన మూతగా ఉండే టాపెట్ కవర్ కింద నిలిచే ఉందని అర్థం. పంపుకు కింద ఆయిలు చాలకపోతే ముల్లు ఊగక ఏం చేస్తుంది?

ఆయిలు ఎందుకు దిగడం లేదో తెలిస్తే పైపు ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది. చెనిక్కాయ నూనె డబ్బాకు ఒకే రంధ్రం చేసి వంచితే నూనె గుటకలు గుటకలుగా పడుతుంది, రెండో రంధ్రం చేస్తే ధార కడుతుంది. హెడ్ నుంచి ఆయిలు దిగే దారుల్లోనే, పిస్టన్ రింగులను దాటి వచ్చిన గ్యాసు పైకి ఎగదన్నుతుంటుంది. టర్బో వేశాక ఆ గ్యాసు పెరుగుతుంది, దారులేమో పాతవే. కనుక మీరు వేయించే పైపు ఆయిలుకు ఎంత దారి ఇస్తుందో గ్యాసుకూ అంతే దారి ఇవ్వాలి. నిస్సాన్ వారి ఆరు సిలిండర్ల ఆర్‌బీ26 ఇంజిన్‌ను రేసులకు సిద్ధం చేసేవారు హెడ్ వెనక నుంచి ఇటువంటి పైపునే దించుతారు.

జిప్సీలో ఇంజిన్ బండి పొడవు వెంట కూర్చుంటుంది కాబట్టి ఆయిలు చేరేది వెనక గోడ దగ్గరే. రోడ్డు నూరడుగులకు ఆరడుగులు లేచినా ఆ వాలు మూడున్నర డిగ్రీలకు మించదు. భూమ్యాకర్షణ త్వరణంలో మూడో వంతు త్వరణంతో బండి దూకితే మాత్రం హెడ్‌లోని ఆయిలుకు అది సుమారు 18 డిగ్రీల వాలుతో సమానం. తప్పు ఘాట్‌ది కాదు, మీ పాదానిది. ఇంజిన్‌ను అడ్డంగా కూర్చోబెట్టిన కార్లలో ఇదే ఆయిలు హెడ్ పొడవునా వెనక పక్కకు చేరుతుంది కనుక, ఇంకొకరి కారులో చూసిన చోటు మీకు పనికిరాకపోవచ్చు.

రంధ్రం అడుగు అంచు, హెడ్‌లో ఆయిలు నిలిచే నేలకు సమంగా గానీ కాస్త దిగువన గానీ ఉండాలి. ఆ గోడ వెనకే నీటి దారి ఉండవచ్చు. పగిలిపోయిన అదే రకం హెడ్‌ను పాత ఇనుము కొట్లో సంపాదించి, వెనక భాగాన్ని రంపంతో కోసి చూడండి. గోడ మందం, నీటి దారి రెండూ కంటికి కనిపిస్తాయి. ఆ ఖర్చుకు వెనకాడవద్దు. గ్రీజు పూసిన డ్రిల్ బిట్టుకు అల్యూమినియం రజను అంటుకుంటుంది కదా అని బండి మీదే రంధ్రం వేసేవారున్నారు. ఇంత పెద్ద రంధ్రానికి ఆ ఉపాయం చాలదు, రజను తిన్నగా బేరింగుల దాకా పోతుంది. పని అయ్యాక హెడ్‌ను కడిగించి, నీటి ప్రెషర్ పరీక్ష చేయించి బిగించండి.

పైపు లోపలి వ్యాసం 16 మి.మీ.కు తగ్గకూడదు. 8 మి.మీ. పైపు అందులో సగం అనిపిస్తుంది గానీ దారి నాలుగో వంతే. అది నిండా ఆయిలుతో మూసుకుపోయి మళ్లీ ఒంటి రంధ్రం డబ్బా కథే అవుతుంది. అనంతపురంలో మేము చూసిన ఒక కారులో పైపును గేర్‌బాక్స్ పక్కన కిందికి దింపి, మళ్లీ జానెడు పైకెత్తి ఛాంబర్‌కు కలిపారు. ఆ వంపులో ఆయిలు నిలిచి, గ్యాసుకు దారి మూసుకుపోయి, పెట్టిన ఖర్చంతా వృథా అయింది. మొదటి నుంచి చివరి దాకా పైపు దిగుతూనే ఉండాలి. టర్బోకు, సైలెన్సర్ పైపుకు దూరంగా ఉండాలి. వేడి ఆయిలుకు తట్టుకునే హోసే వాడాలి. కింది కొస ఛాంబర్‌లో నిలిచే ఆయిలు మట్టానికి పైన తెరుచుకోవాలి. బండిని చదునైన చోట నిలిపి, డిప్‌స్టిక్ పై గీత మట్టాన్ని ఛాంబర్ బయట గుర్తు పెట్టించుకుని, దానికి ఎగువన నిప్పిల్‌ను వెల్డింగ్ చేయించండి. క్రాంక్ చిమ్మే ఆయిలు నేరుగా తగలకుండా లోపల చిన్న రేకు అడ్డం పెట్టిస్తే మేలు.

అయితే కంప్రెషన్ సమంగా ఉన్నంత మాత్రాన రింగులు బాగున్నాయని కాదు. నాలుగూ సమంగా అరిగి ఉండవచ్చు. హెడ్ దింపే ముందే సిలిండర్లలోకి గాలి ఎక్కించి లీకు ఎంతో చూపించండి. హెడ్ దించాక గ్యాస్కెట్ అంచుల్లో పూసిన సిలికాన్ పొంగి పాత ఆయిల్ దారులను మూసిందేమో కూడా చూడండి. అదే కారణమైతే కొత్త రంధ్రం అవసరమే ఉండదు.

బిగించాక అదే ఘాట్, అదే తొక్కుడు, అదే పావుగంట. డిప్‌స్టిక్‌లో తేడా అప్పటికీ తగ్గకపోతే, హెడ్‌కు ఎక్కే ఆయిలును తగ్గించే సన్నరంధ్రపు ప్లగ్గు గురించి ఆలోచించవచ్చు. హైడ్రాలిక్ టాపెట్లున్న (ఆయిలు ప్రెషర్‌తో పనిచేసేవి) హెడ్ అయితే దాని జోలికి పోవద్దు.