థైరాయిడ్ మాత్రతో నీరసం, దిగులు తగ్గుతాయా?

నాకు తగ్గాయి. కాకపోతే ఆ మాత్ర ఎలా వేసుకోవాలో మొదట్లోనే ఎవరైనా చెప్పి ఉంటే నాలుగు నెలలు కలిసొచ్చేవి.

అప్పట్లో తల దువ్వుకోవాలన్నా చెయ్యి పైకి లేచేది కాదు. దువ్వెన ఒళ్లో పెట్టుకుని మంచం మీద అలాగే కూర్చుండిపోయేదాన్ని. దాని నిండా ఊడిన వెంట్రుకలే. ఊరికే ఏడుపొచ్చేది. ఇంట్లోవాళ్లు బద్ధకం అన్నారు. ఆ మాట ఇప్పటికీ మర్చిపోలేను. నీరసంగా ఉందని ఒక మనిషి చెబితే, ముందు రక్తపరీక్ష చేయించండి, తర్వాత తిట్టండి!

రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ 18 వచ్చింది. థైరాయిడ్ మందగిస్తే రక్తంలో పెరిగే హార్మోను అది. థైరాయిడ్ మాత్ర, అంటే లెవోథైరాక్సిన్, 50 మైక్రోగ్రాములు రాశారు. రెండు నెలలకు 15. డోసు 75 చేశారు. మరో రెండు నెలలకు 13. "మాత్ర మానేస్తున్నారా?" అని డాక్టరు అడిగితే ప్రాణం చివుక్కుమంది. ఒక్క రోజు కూడా మానలేదు.

అసలు సంగతి రక్తం తీసే అమ్మాయి పట్టుకుంది. "ఇంకేమైనా మాత్రలు వాడుతున్నారా అక్కా?" అంది. కాల్షియం వాడుతున్నా, రెండూ కలిపి ఒకే గుక్కలో పొద్దున్నే మింగేస్తున్నా అని చెప్పాను. "అయ్యో, కాల్షియం దాన్ని ఒంటికి పట్టనివ్వదు. రెండింటికీ నాలుగు గంటలైనా ఎడం ఉండాలి" అంది. ఐరన్ మాత్రలకూ అంతే. చీటీ మీద 'ఉదయం ఒకటి' అని రాసి పంపిస్తే మాకు ఇవన్నీ ఎలా తెలుస్తాయి?

అప్పటి నుంచి పరగడుపున మంచినీళ్లతో ఆ మాత్రొక్కటే. కాఫీ అయినా, టిఫిన్ అయినా గంట తర్వాతే. అదే 75తో రెండు నెలలకు 3.1కి దిగింది. ముందు ఒళ్లు తేలికపడింది, దిగులు పోవడానికి ఇంకొన్ని వారాలు పట్టింది. ఈ మందు నెమ్మదిగా పనిచేస్తుంది. డోసు మార్చాక ఆరు వారాలైనా ఆగనిదే పరీక్షలో సరైన అంకె తెలియదు. పది రోజులకే 'గుణం కనిపించలేదు' అని మానేసేవాళ్లను చూస్తే బాధేస్తుంది.

మీ టీఎస్‌హెచ్ ఎంతో రాయలేదు. అది మామూలుగా ఉంటే మాత్రం ఓపిక కోసమని ఈ మాత్ర జోలికి పోకండి. ఎక్కువైతే గుండె దడ వస్తుంది, ఏళ్ల తరబడి అలాగే వాడితే ఎముకలు గుల్లబారతాయి. జుట్టు కోసం బయోటిన్ అనే విటమిన్ వాడుతుంటే పరీక్షకు ముందే డాక్టరుకు చెప్పండి, దానివల్ల రిపోర్టు తప్పుగా రావచ్చు.