ఆసిలాట్ కూనను అడవికి అప్పగించబోతున్న మా అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి, పెద్దనాన్న ఆశీర్వదించి రాస్తున్నది.

నువ్వు పెరూ దేశంలోని మాద్రె దె దియోస్ ప్రాంతానికి వెళ్తున్నావనీ, వేటగాళ్ల నుంచీ దొంగ వ్యాపారుల నుంచీ విడిపించిన ఆసిలాట్ అనే మచ్చల పిల్లి వంటి అడవిపిల్లులను పెంచి తిరిగి వర్షారణ్యంలోకి పంపే కేంద్రంలో ఏడాదిపాటు పనిచేయబోతున్నావనీ మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. వాడి గొంతులో భయమే ఎక్కువగా వినిపించింది. నాకు మాత్రం ముందు గర్వం కలిగింది. భయం ఆ రాత్రి నిద్ర పట్టనప్పుడు గాని రాలేదు. పశువైద్యుడిగా నా ఉద్యోగ జీవితమంతా పులులు, చిరుతలు, అడవిపిల్లుల మధ్యనే గడిచింది కనుక, నువ్వు ఎటువంటి పనికి పూనుకొన్నావో మన ఇంట్లో అందరికంటే నాకే ఎక్కువ తెలుసు. అందుకే ఈ ఉత్తరం పొడుగవుతుంది. ఓపికగా చదువు.

నీకు తెలిసిన సంగతులు ముందు చెప్పేస్తాను. ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకో, రేబిస్ ముందస్తు టీకా కూడా మానవద్దు. మోకాళ్ల దాకా వచ్చే రబ్బరు బూట్లు లేకుండా అడుగు బయట పెట్టకు. అక్కడి ఫెర్-ద-లాన్స్ అనే విషపు పాము రాలిన ఆకుల రంగులోనే ఉంటుంది. ఇసుక ఈగ కుట్టినచోట మానని పుండు పడితే లీష్మేనియాసిస్ కావచ్చు, దానికదే తగ్గుతుందని కూర్చోకుండా వైద్యుడికి చూపించుకో. రాత్రిపూట ఒంటరిగా ఎక్కడికీ వెళ్లకు. ఈ చివరి మాట మీ నాన్న కోసం రాయడం లేదు, నా కోసమే రాస్తున్నాను.

ఆ కేంద్రంలో కుక్కలు ఉన్నాయా? నువ్వు నవ్వుకోవచ్చు గాని, నేను మొదట అడిగే ప్రశ్న ఇదే. 1994లో ఆఫ్రికాలోని సెరెంగెటి సింహాలలో దాదాపు మూడో వంతు, అంటే సుమారు 1000 సింహాలు, కెనైన్ డిస్టెంపర్ అనే వైరస్ వల్ల చనిపోయాయి. అది చుట్టుపక్కల ఊళ్ల పెంపుడు కుక్కల నుంచే అడవిలోకి చేరిందని తేల్చారు. ఇంటి పిల్లుల నుంచి, పిల్లి జాతిని చంపే మరో వైరస్ రోగం పాన్‌ల్యూకోపీనియా కూడా అలాగే వస్తుంది. కూనను కాపాడి పెంచి విడిచిపెట్టాక, అది మన దగ్గర అంటుకొన్న రోగాన్ని ఆ అడవిలో ఉన్న మిగతా పిల్లులన్నిటికీ పంచితే మనం చేసింది సేవ అనిపించుకోదు. కుక్కలకు, వంటింటి చుట్టూ తిరిగే పిల్లులకు టీకాలు వేయించి, కొత్తగా వచ్చిన ప్రతి జంతువునూ విడిగా ఉంచి రక్తపరీక్షలు చేసే పద్ధతి అక్కడ ఉందో లేదో కనుక్కో. కుక్కలకు వేసే, బతికున్న వైరస్‌తో తయారైన డిస్టెంపర్ టీకాను అడవిపిల్లికి వేయనివ్వకు. బలహీనపరిచిన ఆ వైరస్సే కొన్ని అడవి జంతువులకు ఆ రోగం తెచ్చిపెట్టగలదు.

రెండోది తిండి. ఒకసారి మా దగ్గరికి ఎవరో ఇంట్లో పెంచిన చిరుత కూనను తెచ్చారు. మెత్తని కోడి మాంసం ఎముకలు తీసి, శుభ్రంగా కడిగి ముద్దలు పెట్టారట. ఎంత ముద్దుగా పెంచారో వాళ్ల మాటల్లోనే తెలిసింది. కూన ముందు కాళ్లు వంగిపోయాయి, ఎక్స్‌రేలో ఎముకలు నీడల్లా కనిపించాయి, వెన్నెముక కుదించుకుపోయింది. మాంసంలో భాస్వరం ఎక్కువ, కాల్షియం అతి తక్కువ. ఎముకతో సహా తినకపోతే ఎదిగే పిల్ల తన ఎముకలలోని కాల్షియాన్నే కరిగించుకొంటుంది. ఆ కూన మళ్లీ చెట్టెక్కలేదు. ఆవు పాలు పట్టవద్దు, పాలు మానిన నాటి నుంచి ఎలుకైనా కోడిపిల్లైనా బొచ్చుతో, ఎముకతో, పేగులతో సహా మొత్తంగా పెట్టండి. వారం వారం బరువు రాయండి.

ఇక అసలు విషయానికి వస్తాను. మా తరం వన్యప్రాణి వైద్యులలో అర్జన్ సింగ్ పేరు వినని వాళ్లు లేరు. ఒకప్పుడు వేటగాడై ఉండి తుపాకి పక్కన పెట్టి, ఉత్తరప్రదేశ్‌లో దుధ్వా అడవి అంచున స్థిరపడి, ఆ అడవి 1977లో జాతీయ వనం కావడానికి పట్టువదలకుండా పనిచేసిన మనిషి ఆయన. తల్లిలేని చిరుత పిల్లలను పెంచి అడవిలోకి పంపాడు. 1976లో ఇంగ్లండులోని ట్విక్రాస్ జూ నుంచి తార అనే ఆడపులి కూనను తెప్పించి, రోజూ తనతో అడవిలో తిప్పుతూ పెంచాడు. ఆయన పక్కన ఆ పులి నడుస్తున్న ఫోటోలు చూసి మేమంతా మురిసిపోయాం. ఈ వృత్తిలోకి కొందరు ఆ ఫోటోల వల్లనే వచ్చారంటే అతిశయోక్తి కాదు. 1978లో తార అడవిలోకి వెళ్లిపోయింది, తిరిగి రాలేదు. అంతవరకు చూస్తే గొప్ప విజయం.

ఆ కాలంలోనే ఆ చుట్టుపక్కల పులులు మనుషులను చంపడం మొదలైంది. చెరకు తోటలు అడవి గట్టు దాకా వచ్చేశాయి, పులులు ఆ తోటల్లోనే పిల్లలు పెట్టుకొనే పరిస్థితి ఏర్పడింది, కారణాలు అనేకం. కాని ఊళ్లవాళ్ల వేలు తార వైపే చూపించింది, ఎందుకంటే ఆ అడవిలో మనిషి చేతి మీద పెరిగిన పులి అదొక్కటే. చివరికి ఒక ఆడపులిని కాల్చారు. అది తారేనని అటవీ అధికారులు అన్నారు, కాదని అర్జన్ సింగ్ చివరిదాకా వాదించాడు. ఆ తరువాత 1990లలో దుధ్వా పులుల వెంట్రుకలను హైదరాబాదులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో పరీక్షిస్తే వాటిలో సైబీరియా పులి జన్యువుల జాడ కనిపించింది. తార మిశ్రమ సంతతిదన్న అనుమానానికి దానితో బలం చేకూరింది. వంశం తెలియని జంతువును అడవిలో కలపడం పొరపాటని ఆనాడు చాలామందికి తట్టలేదు.

ఆయన ప్రేమను శంకించే అర్హత నాకు లేదు. ఆయన లేకపోతే దుధ్వా ఈ రూపంలో మిగిలేది కాదు. కాని నన్ను ఇన్నేళ్లుగా వదలని ఆలోచన ఒకటుంది: తార ఏ పాపమూ ఎరగదనుకొందాం, అప్పుడు కూడా ఆయన దాన్ని నిరూపించలేకపోయాడు. మనిషి వాసనకు బెదరని జంతువు అడవికి వెళ్తే, ఆ చుట్టుపక్కల పోయిన ప్రతి ప్రాణానికీ, పోయిన ప్రతి కోడికీ, అదే జవాబుదారీ అవుతుంది. దాన్ని పెంచిన వాళ్ల మాట ఆ ఊళ్లో ఎవరూ నమ్మరు. ఆసిలాట్ మనుషులను తినే జంతువు కాదు, 8 నుంచి 15 కిలోల పిల్లి; అయినా నీ చేతి మీద తిండికి అలవాటు పడిన ఆసిలాట్ ఎవరి గుడిసె ముందో నిలబడి చూస్తుంది, ఆ ఇంటివాళ్లకు అది నిన్ను వెతుక్కొంటూ వచ్చిందని తెలియదు, కోళ్ల కోసం వచ్చిందనే అనుకొంటారు. తుపాకి ఉంటే పేలుస్తారు. అందుకు వాళ్లను తప్పుపట్టడానికి నాకు నోరు రాదు.

నువ్వు చిన్నప్పుడు గూట్లోంచి పడిన ఉడుత పిల్లను దూదిలో పెట్టుకొని రాత్రంతా మేలుకొన్న సంగతి నాకు గుర్తుంది. ఆ మనసు నీకు ఉన్నందుకే నాకు గర్వం. నీ మీద నాకున్న అసలు భయం కూడా అదే. పాముల కంటే, జ్వరాల కంటే, నీ ఒళ్లో నిద్రపోయే కూనను చూసి నువ్వు కరిగిపోతావేమోనని భయపడుతున్నాను. దానికి పేరు పెట్టి పిలవకు. దానితో మాట్లాడకు. ఒళ్లో పెట్టుకొని తీసిన ఫోటో ఒక్కటి కూడా ఎవరికీ పంపకు. ఆ ఫోటో చూసిన వాళ్లలో ఒక్కరికైనా అటువంటి కూన తనకూ కావాలనిపిస్తుంది, దొంగ వ్యాపారం నడిచేది ఆ కోరిక మీదనే. నాక్కూడా పంపకు. కోపంగా రాస్తున్నానని అనుకోకు తల్లీ, నువ్వు ఆ కూనను ఎంత ప్రేమిస్తావో తెలిసే ఇలా రాస్తున్నాను.

ఇది సాధ్యం కాదనుకోకు. 2012 ఫిబ్రవరిలో రష్యా దూరప్రాచ్యంలో మంచులో దొరికిన తల్లిలేని పులి కూనకు జోలుష్కా అని పేరు పెట్టారు. మనుషులు కనబడకుండా, కెమెరాలలో గమనిస్తూ, బతికున్న వేటను దాని ఆవరణలోకి వదిలి పెంచారు. 2013 మే నెలలో బస్తాక్ అభయారణ్యంలో విడిచిపెడితే, 2015లో అది రెండు కూనలతో కెమెరాకు చిక్కింది. బ్రెజిల్‌లోని పాంతనాల్‌లో తల్లిని పోగొట్టుకొన్న ఇసా, ఫెరా అనే జాగ్వార్ అక్కచెల్లెళ్లను 2016లో విడిచారు. అవి కూడా పిల్లల్ని కన్నాయి.

కొన్ని కేంద్రాలలో పెంచే మనిషే రాత్రుళ్లు కూనతోపాటు అడవిలో నడిచి దానికి వేట నేర్పుతారని విన్నాను. వర్షారణ్యంలో చిన్న పిల్లులకు ఆ పద్ధతి పూర్తిగా తప్పని అనలేను. కాని అలా నడవవలసి వస్తే ఒక్కరే నడవాలి, మాట వినబడకూడదు, కాలిబాటలు వదిలి పొదల్లోంచి పోవాలి. పెరూలోనే ఉన్న మాను జాతీయ వనంలోని కొచా కాషు పరిశోధన కేంద్రంలో లూయీస్ ఎమన్స్ అనే జీవశాస్త్రజ్ఞురాలు 1980లలో ఆసిలాట్ల మెడకు జాడ తెలిపే రేడియో కాలర్లు కట్టి పరిశీలించింది. వెన్నెల రాత్రుల్లో అవి తెరిపి ప్రదేశాలు వదిలి దట్టమైన చోట్లకు తప్పుకొంటాయని ఆ పరిశీలనలో తెలిసింది. అడవిలో తల్లి వెంట తిరిగిన కూనకు ఆ జాగ్రత్త అబ్బుతుంది. టార్చిలైటు వెలుగులో కాలిబాట మీద నీ వెనక నడిచిన కూన, వేటగాడు నడిచే దారే తన దారి అనుకొంటుంది.

అడవి గురించి కూడా ఒక మాట. ఎంత బాగా పెంచినా విడిచిపెట్టే చోట అడవి మిగిలి ఉండాలి. అక్కడ బంగారం తవ్వకాలు నదీతీరాలను గుల్ల చేశాయి, పాదరసం చేపల్లోకి ఎక్కింది, రెండు మహాసముద్రాలను కలిపే రహదారి వెంట కలప నరికేవాళ్లు లోపలికి చొచ్చుకొచ్చారు. ఆ అడవిని నిలబెడుతున్న వాళ్లలో బ్రెజిల్ నట్ కాయలు ఏరుకొని బతికే కుటుంబాలు ముఖ్యం. ఆ చెట్టు పూత నిలవాలంటే పెద్ద తేనెటీగలు కావాలి, గింజలు నాటుకోవాలంటే అగూటి అనే ఎలుక జాతి జంతువు కావాలి, ఆ రెండూ ఉండాలంటే చుట్టూ అడవి ఉండాలి. తోటగా వేసి పండించడం అంత తేలిక కాదు. వాళ్ల ఇళ్లకు వెళ్లు, వాళ్ల భాష నేర్చుకో. కోళ్లకు రాత్రిపూట మూసే గట్టి గూళ్లు కట్టడానికి కేంద్రం డబ్బు పెడితే, అది నువ్వు పెంచే కూనకు పెట్టిన ఖర్చే.

చివరగా విడుదల. ముందు అడవిలోనే కట్టిన ఆవరణలో ఉంచి, తలుపు తీసి, అదే వెళ్లే దాకా ఆగడం మంచిది. రేడియో కాలర్ బరువు శరీర బరువులో 3 శాతం దాటకుండా చూడు, అంటే 10 కిలోల ఆసిలాట్‌కు 300 గ్రాములు. ఎదిగే వయసు కనుక కొంతకాలానికి దానంతట అదే ఊడిపోయే కాలరే కట్టాలి. విడిచాక అది మీ గుడిసె దగ్గరికి తిరిగి వస్తే, ఆకలితో వచ్చిందో, అలవాటుకొద్దీ వచ్చిందో కాలర్ నమోదులు, కెమెరా ట్రాపులు చూసి నిర్ణయించండి. బక్కచిక్కి ఉంటే పట్టి వైద్యం చేయండి. అలవాటుకొద్దీ వస్తే తిండి పెట్టవద్దు, తలుపు తీయవద్దు. ఎంత ఏడుపు వచ్చినా తీయవద్దు.

ఇంకొక లెక్క ఉంది. ఆసిలాట్ తల్లి సాధారణంగా ఒక్క కూననే కంటుంది, దాన్ని ఏడాదిన్నర నుంచి రెండేళ్ల దాకా దగ్గర ఉంచుకొంటుంది. నువ్వు వెళ్తున్నది ఏడాదికి. నువ్వు తిరిగి వచ్చేసరికి కూన సగం ఎదిగి ఉంటుంది; ఆ తరువాత దాన్ని ఎవరు చూస్తారు? నువ్వు ఒప్పందం మీద సంతకం పెట్టకముందే ఈ ప్రశ్న అడుగు. ఇంతకుముందు విడిచిన పిల్లుల కాలర్ నమోదులు చూపించమను. కుక్కల టీకాల సంగతి కనుక్కో. సమాధానాలు రాగానే నాకు ఫోన్ చెయ్యి. అవి సరిగా ఉంటే మీ నాన్నతో నేను మాట్లాడతాను.

ఆశీస్సులతో,
పెద్దనాన్న