పప్పు ఉడకకపోతే నీళ్ళు మార్చి చూడు

కావలి

బుజ్జీకి పెద్దమ్మ ఆశీస్సులు.

దర్శి వెళ్ళాక మూడుసార్లు పాలకూర పప్పు పెట్టావని, మూడుసార్లూ పప్పు పలుకులుగానే ఉండి ఆకు మాత్రం నల్లబడిపోయిందని మీ అమ్మ చెప్పింది. స్కూల్లో కొత్త ఉద్యోగం, కొత్త ఊరు. రాత్రి ఎనిమిదింటికి ఇంటికొచ్చి ఆ పప్పే తిని పడుకుంటున్నావంటే నాకు మనసొప్పలేదు. పప్పు ఉడకకపోవడం నీ చేతి తప్పు కాదు తల్లీ, నీళ్ళది.

మా పెళ్ళయిన కొత్తలో మీ పెదనాన్నకీ దర్శిలోనే ఉద్యోగం. అద్దె ఇంట్లో బోరు నీళ్ళు. గిన్నెల అడుగున తెల్లగా చారలు కట్టేవి. ఒకరోజు మా అత్తగారు వస్తున్నారని పొద్దున్నే పప్పు పొయ్యి మీద పెట్టాను. గంటన్నర ఉడికినా పలుకు పలుకుగానే ఉంది. పాత పప్పు అంటగట్టాడని కొట్టాయన్ని తిట్టుకున్నాను. పక్కింటావిడ ఒక బిందె సాగర్ కాలువ నీళ్ళు ఇచ్చి, "వీటితో పెట్టి చూడమ్మా" అంది. అదే డబ్బాలో పప్పు, అరగంటలో వెన్నలా మెదిగింది. బోరు నీళ్ళలో సున్నం ఎక్కువ. అది పప్పుకి పట్టేసి మెత్తబడనివ్వదు.

అందుకని కుళాయిలో సాగర్ నీళ్ళు వచ్చిన రోజు రెండు బిందెలు పట్టి ఉంచుకో. రాకపోతే తాగే క్యాన్ నీళ్ళే పప్పుకీ వాడు. దండగ అనుకోకు, గ్లాసు పప్పుకి మూడు గ్లాసులేగా పట్టేది. కందిపప్పు అరగంట నాననిచ్చి, చిటికెడు పసుపు, చుక్క నూనె వేసి కుక్కర్లో నాలుగు విజిల్స్ రానివ్వు. ఆవిరి దానంతటదే దిగాకే మూత తియ్యి. చింతపండు అప్పుడే వెయ్యకు. పులుపు తగిలితే మంచి నీళ్ళలో కూడా పప్పు మొరాయిస్తుంది.

ఇక ఆకు సంగతి. గ్లాసు పప్పుకి పిడికిట్లో పట్టేంత కట్టలు రెండు చాలు. కుళాయి కింద పట్టుకుని కడిగితే ఇసుక పోదు. బేసిన్ నిండా నీళ్ళు పోసి, ఆకుని ముంచి ఆడించి రెండు నిమిషాలు వదిలెయ్యి. తర్వాత ఆకుని చేత్తో పైకి తియ్యాలి. గిన్నె వంచి నీళ్ళు పారబోశావంటే అడుక్కి దిగిన ఇసుకంతా మళ్ళీ ఆకు మీదే పడుతుంది. ఖాళీ చేసేముందు బేసిన్ అడుగు వేలితో తడిమి చూడు. గరగరలాడితే ఇంకోసారి కడగాలన్నమాట. వానాకాలంలో నేను నాలుగుసార్లు కడుగుతాను. కడిగాకే తరుగు, తరిగి కడిగితే సారమంతా నీళ్ళపాలు.

నువ్వు ఆకుని కూడా పప్పుతోపాటే కుక్కర్లో వేస్తున్నావట. అది నల్లబడటానికి కారణం అదే. బాణలిలో రెండు చెంచాల నూనె వేసి, ఉల్లిపాయ, చీరిన పచ్చిమిర్చి మగ్గాక ఆకు వెయ్యి. కొండలా కనిపిస్తుంది, కంగారుపడి నీళ్ళు పొయ్యకు. ఆకులో నూటికి 90 పాళ్ళ దాకా నీళ్ళే. రెండు నిమిషాల్లో గుప్పెడవుతుంది. ఉప్పు అప్పుడే వెయ్యి, కొండని చూసి వేశావంటే కూర ఉప్పు కషాయం. మూత మాత్రం పెట్టకు. మూత పెడితే ఆకులోంచి లేచిన ఆవిరి మళ్ళీ ఆకులోకే దిగి పచ్చదనం చంపేస్తుంది.

నాలుగైదు నిమిషాలకి మెదిపిన పప్పు అందులో కలుపు. నాకు సగం మెదిగి సగం తగులుతుంటేనే బాగుంటుంది. ఉసిరికాయంత చింతపండు పిసికిన రసం దించే ముందు పోసి, ఒక్క ఉడుకు రానిస్తే చాలు. తిరగమాతకి ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, కచ్చాపచ్చాగా దంచిన వెల్లుల్లి, కరివేపాకు, ఇంగువ. వెల్లుల్లి ఎర్రబడేదాకా ఓపిక పట్టు, మాడనివ్వకు. వేడన్నంలో నెయ్యి వేసుకుని, ఊరమిరపకాయ నంజుకో.

పాలకూర తింటే కిడ్నీలో రాళ్ళొస్తాయని మీ అమ్మకి టెన్షన్. ఆ ఆకులో ఆక్సలేట్లు ఎక్కువన్నది నిజమే. ఒకసారి రాయి వచ్చినవాళ్ళు డాక్టర్ని అడిగే తినాలి. మీ పెదనాన్నకి వచ్చింది కాబట్టి నేను ఆయనకి విడిగా సొరకాయ పప్పు వండుతాను. నీకు ఆ బాధ లేదు. వారానికి ఒకసారి నిక్షేపంగా తిను, మంచినీళ్ళు మాత్రం బాగా తాగు. స్కూల్లో ఉన్నానని మానెయ్యకు.

పప్పుగుత్తి లేదన్నావట. వచ్చే ఆదివారం మీ పెదనాన్న అటు వస్తున్నారు, ఆయనతో మా పాతది పంపిస్తాను. అందాకా గరిటె వెనకవైపుతో మెదుపుకో.

నీ పెద్దమ్మ