సిరొంచ ఎండకి కొబ్బరి నూనె సరిపోతుందా, సన్‌స్క్రీన్ కావాలా?

మీరు రాసింది ఇదీ: మహారాష్ట్రలోని మన గడ్చిరోలి జిల్లాలో అంకీసా నుంచి సిరొంచకి రోజూ స్కూటీ మీద ఉద్యోగానికి వెళ్తారు. ముఖం నల్లబడింది, బుగ్గల మీద మంగు మొదలైంది. సన్‌స్క్రీన్‌లో అన్నీ కెమికల్సే, కొబ్బరి నూనె రాసుకొని పో అని అమ్మ అంటోంది. క్యారెట్ గింజల నూనెలో ఎస్‌పీఎఫ్ 40 ఉంటుందని వీడియోలో చూశారు (ఎండ కాల్చకుండా ఎంత ఆపుతుందో చెప్పే అంకె ఇది). ఏది నమ్మాలి?

అమ్మ చెప్పిన నూనె మంచిదే, రాసుకోమన్న వేళే కుదరదు. అది పొద్దున బయల్దేరే ముందు రాసుకునేది కాదు, సాయంత్రం ఇంటికొచ్చి స్నానం చేశాక రాసుకునేది. నేనూ ఈ తాలూకాలోనే పుట్టి పెరిగాను. ప్రాణహిత నదికి ఇవతల పత్తి ఏరాను, అవతల తెలంగాణలో మిరప ఏరడానికీ వెళ్ళాను. మా ఇంట్లో ఆడవాళ్ళందరికీ నూనె అలవాటే, కాబట్టి నూనె మీద నాకేం పగ లేదు.

ముందు అంకెల సంగతి. రాయపూర్‌లోని పండిత్ రవిశంకర్ శుక్లా యూనివర్సిటీ పరిశోధకులు 2010లో మనం వాడే నూనెల ఎస్‌పీఎఫ్ కొలిచి ప్రచురించారు. ఆలివ్, కొబ్బరి నూనెలకు 7 పైచిలుకు వచ్చింది. ఆముదానికి 5 దాటింది, నువ్వుల నూనెకి 2 కూడా రాలేదు. చాలా వీడియోలు ఈ అంకెల్నే తిప్పి తిప్పి చెబుతాయి. అయితే ఆ కొలత ల్యాబ్‌లో, నూనెని ఆల్కహాల్‌లో పలచగా కలిపి మిషన్‌తో తీసింది. మనిషి చర్మం మీద, చెమటలో చూసింది కాదు. పోనీ, 7 నిజమే అనుకుందాం. అప్పుడు చర్మాన్ని కాల్చే యూవీబీ కిరణాల్లో నూటికి 14 పాళ్ళు లోపలికి వెళ్తాయి. ఎస్‌పీఎఫ్ 30 సరిగ్గా రాసుకుంటే 3 పాళ్ళే వెళ్తాయి. మన దగ్గర మేలో ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. స్కూటీ ఎక్కిన కాసేపటికే నూనె చెమటతో కలిసి మెడ మీదికి జారిపోతుంది. ఇక క్యారెట్ నూనె 40 అనే మాట నమ్మకండి, ఒట్టి నూనెతో అంత రాదు.

కానుగ నూనె గురించి కూడా మన వైపు అంటుంటారు. కానుగ గింజలో ఉండే కరంజిన్, పొంగమాల్ అనే పదార్థాలు చర్మాన్ని నల్లబరిచే యూవీఏ కిరణాల్ని పీల్చుకునే మాట నిజమే. కానీ అవి శుద్ధి చేసి క్రీముల్లో కలిపితే పనికొచ్చే సంగతి. గానుగలో ఆడించిన నూనెని తెచ్చి ముఖానికి పూస్తే మంట పుట్టొచ్చు.

ఇంతకంటే ముఖ్యమైన మాట ఒకటి. సహజమైనవి కదా అని ఎండలోకి పోయే ముందు నిమ్మరసం, బావంచాల నూనె మాత్రం ముట్టుకోవద్దు. బావంచాల్లో సొరాలెన్ అనే పదార్థం ఉంటుంది. అది చర్మాన్ని ఎండకి ఇంకా సున్నితం చేస్తుంది. బొల్లికి ఆ మందు రాసి ఎండ తగలనిచ్చేది అందుకే, అదీ వైద్యుల లెక్క ప్రకారం. నిమ్మలోనూ అదే జాతి పదార్థాలున్నాయి. నిమ్మరసం పడిన చోట ఎండ తగిలితే బొబ్బలు లేచి, నల్ల మచ్చలు పడి నెలల తరబడి పోవు. ముఖం తెల్లబడాలని నిమ్మచెక్క రుద్దుకొని కాలేజీకి బయల్దేరే పిల్లల్ని చూస్తే నాకు నిజంగా భయమేస్తుంది.

మరి ఏం చేయాలి? అన్నిటికంటే ముందు బట్ట. పలచటి తెల్ల చున్నీ చాలదు. అది తడిస్తే కిరణాల్ని ఇంకా ఎక్కువ లోపలికి వదులుతుంది. కొనేటప్పుడు బట్టని వెలుగుకి ఎత్తి పట్టి చూడండి, అవతలి వెలుతురు దారాల మధ్య నుంచి కనిపిస్తే పక్కన పెట్టేయండి. దగ్గర నేత ఉన్న ముదురు రంగు కాటన్ దుపట్టా, వదులైన పొడుగు చేతుల సన్‌కోట్, చేతికి గ్లౌజులు తీసుకోండి. హెల్మెట్ అద్దం దించి నడపండి. పాలీకార్బొనేట్ అద్దమైతే యూవీని దాదాపు మొత్తం ఆపుతుంది. మా అమ్మ చేలో కొంగు నెత్తిన కప్పుకొని, దాని మీద తువ్వాల చుట్టి, నాన్న పాత ఫుల్ చేతుల చొక్కా తొడుక్కునేది. ఆమె చేతులు ఈ వయసులో కూడా నున్నగా ఉన్నాయంటే నేను నూనెకిచ్చే మార్కుల కంటే ఆ చొక్కాకిచ్చేవే ఎక్కువ.

తర్వాత వేళ. మీ నీడ మీకంటే పొట్టిగా ఉందంటే ఎండ చర్మాన్ని కాల్చే వేళే. మన సిరొంచలో మే నడిమికి సూర్యుడు సరిగ్గా నెత్తి మీదికొస్తాడు, మధ్యాహ్నం నీడ కాళ్ళ కిందే ఉంటుంది. తునికాకు కోసేవాళ్ళు తెల్లవారకముందే అడవికి పోయి, ఎండ ముదరకముందే ఇంటికొచ్చి నీడన కూర్చొని కట్టలు కట్టుకుంటారు. మీ ఆఫీసు వేళ మార్చుకోలేరు గానీ, మధ్యాహ్నం బ్యాంకు పనులు, బజారు పనులు పొద్దున్నే ముగించుకోవచ్చు. నది ఇసుకలో నడిచేటప్పుడు ఇంకో సంగతి: పొడి ఇసుక యూవీలో 15 శాతం దాకా పైకి తిప్పి కొడుతుంది. గొడుగు పట్టుకున్నా గడ్డం కిందికి తగులుతుంది.

సన్‌స్క్రీన్ బట్ట కప్పని చోటికే, అంటే ముఖం, మెడ, పాదాలపైన. ఖరీదైనది అక్కర్లేదు, ఎస్‌పీఎఫ్ 30 పైన, యూవీఏని ఎంత ఆపుతుందో చెప్పే పీఏ గుర్తు పక్కన మూడు ప్లస్సులు ఉంటే చాలు. ముఖానికి, మెడకి కలిపి రెండు వేళ్ళ పొడవునా పిండుకున్నంత కావాలి. చాలామంది అందులో సగం కూడా రాయరు. బయట ఉంటే రెండు గంటలకోసారి మళ్ళీ రాయాలి. కెమికల్ అని భయమైతే జింక్ ఆక్సైడ్ ఉన్నది అడగండి, అది చర్మం మీదే నిలిచే ఖనిజం. మీకు మంగు ఉంది కాబట్టి ఐరన్ ఆక్సైడ్ కలిసిన రంగు సన్‌స్క్రీన్ ఇంకా నయం. మన రంగు చర్మంలో మంగుని మామూలు వెలుతురు కూడా పెంచుతుంది, తెల్ల క్రీము దాన్ని సరిగా ఆపలేదు.

నూనె వేళ ఇప్పుడు. స్నానం చేసి ఒళ్ళు సగం తడిగా ఉన్నప్పుడే చేతులకీ కాళ్ళకీ నాలుగు చుక్కలు పట్టించండి, తడి లోపలే నిలుస్తుంది. చలికాలంలో పత్తి ఏరి చేతులు పగిలినప్పుడు ఇప్ప నూనెకి సాటి లేదు, మన గోండు ఇళ్ళలో అదే వాడతారు. చలికి గడ్డకడితే కాస్త వెచ్చ చేయండి. ముఖం మీద మొటిమలుంటే కొబ్బరి నూనె వద్దు. చెమటకాయలు లేచినప్పుడు, ఎండకి కమిలి మండుతున్నప్పుడు ఏ నూనే వద్దు, ముందు చల్లటి నీళ్ళ గుడ్డ వేయండి. అమ్మ మిరప ఏరడానికి వెళ్తే మాత్రం, ఇంటికి రాగానే చేతులకి నూనె రుద్దుకొని తర్వాత సబ్బుతో కడుక్కోమనండి. మిరప కారం నీళ్ళలో కరగదు, నూనెలో కరుగుతుంది.

చివరగా, మంగు పోతుందని మందుల షాపులో చీటీ లేకుండా ఇచ్చే ట్యూబులు కొనకండి. వాటిలో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. మొదట తెల్లబడినట్టే ఉండి, తర్వాత చర్మం పలచబడి ఎర్రబడుతుంది, ఎండకి అసలే తట్టుకోదు. ఇప్పటికే అలాంటిది వాడుతుంటే మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపేయకుండా, ఆ ట్యూబు తీసుకెళ్ళి చర్మం డాక్టరుకి చూపించండి.