రెండు రోజుల ఎంబ్రాయిడరీ వర్క్‌షాప్ మ్యూజియం కొలువుకు పనికొస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీలో చరిత్ర చదువుతోంది. మధ్యయుగం నాటి ఎంబ్రాయిడరీ నేర్పే రెండు రోజుల వర్క్‌షాప్‌లో చేరతానంటోంది. సరదాగా కుట్టుకునేవాళ్లు నడిపేదట, సర్టిఫికెట్ కూడా ఉండదట. తనకేమో మ్యూజియంలో పాత బట్టల మీద పనిచేయాలని ఉంది. డబ్బు దండగేనా?

జవాబు: దండగేమీ కాదు, పంపండి. రెండు రోజుల సర్టిఫికెట్ ఇచ్చినా ఎవరూ లెక్కలోకి తీసుకోరు. అయితే పది రకాల కుట్లు చూపిస్తామనే చోటు వద్దు. ఒక్క పద్ధతినే మొదలు నుంచి చివరిదాకా చేయించేది చూడండి.

బేయూ టేపెస్ట్రీలో బొమ్మల లోపలి భాగాన్ని నింపిన కుట్టు అందుకు చక్కగా సరిపోతుంది. పేరుకే టేపెస్ట్రీ, నిజానికి అది నేసింది కాదు, 11వ శతాబ్దంలో లినెన్ బట్ట మీద ఉన్ని దారంతో కుట్టిన దాదాపు 70 మీటర్ల పట్టీ. ముందు బొమ్మ లోపల పొడవాటి దారాలు పక్కపక్కనే పరుస్తారు. ఒక అంచున సూది దిగితే, అదే అంచున పక్కనే పైకి రావాలి. వెనక నుంచి అవతలి అంచుకు లాగితే ఉన్ని రెట్టింపు ఖర్చు, బట్ట మందం. ఈ దారాల మీద అడ్డంగా 3-4 మిల్లీమీటర్లకొక దారం వేసి, దాన్ని చిన్నచిన్న కుట్లతో బట్టకు బిగిస్తారు. అంచు చుట్టూ గీతలా సాగే కాడ కుట్టు (స్టెమ్ స్టిచ్) ఆఖర్న.

కొత్తవాళ్లు ఎక్కువగా తప్పేది మొదటి దారం దగ్గరే. ఒక మూల నుంచి మొదలుపెడితే నాలుగు వరసలకే దారాలు వాలిపోతాయి. బొమ్మ బాగా వెడల్పున్న చోట నడిమధ్య మొదటి దారం వేసి, అటూ ఇటూ నింపుకుంటూ పోవాలి. ఫ్రేమ్‌లో బట్ట డప్పులా బిగిసి ఉండాలి. వదులుగా ఉన్నప్పుడు దారం లాగి కుడితే బట్ట ముడతలు పడుతుంది, ఫ్రేమ్ తీశాక ఆ ముడతలు పోవు. ఉన్ని దారం 45 సెంటీమీటర్లు మించకూడదు. మాటిమాటికీ బట్టలోంచి దూరి అరిగిపోతుంది, చివరి కుట్లు సన్నబడి రంగు తేడాగా కనిపిస్తాయి.

ఇంటికొచ్చాక 5 సెంటీమీటర్ల చదరం ఒకటి సొంతంగా కుట్టమనండి. ముందువైపే కాదు, వెనకవైపూ ఫొటో తీయాలి. చేయి తిరిగినవాళ్లు నమూనాను ముందు తిరగేసి చూస్తారు. బట్ట, దారం, సూది నంబరు, పట్టిన గంటలు, విప్పి మళ్లీ కుట్టిన చోటు, ఇవన్నీ ఫొటో పక్కనే రాసిపెట్టాలి. విప్పిన సంగతి దాచక్కర్లేదు, ఎందుకు విప్పిందో రాస్తే ఇంకా మంచిది.

ఇక మ్యూజియం మాట. ఎంబ్రాయిడరీ చేయడం, పాత వస్త్రాన్ని సంరక్షించడం రెండూ వేరు. సంరక్షకులు ఊడిన పువ్వును మళ్లీ కుట్టరు. చిరిగిన చోట అడుగున రంగు కలిసే ఆధారపు బట్ట పెట్టి, సన్నటి పట్టుదారం పరచి, చిన్న కుట్లతో నిలబెడతారు. సూది పాత పోగును చీల్చకుండా పోగుల మధ్యనుంచే దిగాలి. వర్క్‌షాప్‌లో నేర్చుకున్న పరిచి బిగించే కుట్టు వేరే రూపంలో ఇక్కడ అక్కరకొస్తుందన్నమాట.

చేతి ఎంబ్రాయిడరీయే వృత్తిగా కావాలంటే దారి వేరు. ఇంగ్లండ్‌లో 1872లో మొదలైన రాయల్ స్కూల్ ఆఫ్ నీడిల్‌వర్క్ లాంటి చోట్ల సర్టిఫికెట్, డిప్లొమా కోర్సులున్నాయి. సినిమా, రంగస్థల దుస్తుల పని అటువైపు దొరుకుతుంది. సంరక్షణకైతే స్కాట్లాండ్‌లోని గ్లాస్గో విశ్వవిద్యాలయంలో ఉన్నలాంటి పీజీ చదవాలి. అక్కడ చరిత్ర విద్యార్థులు తడబడేది కుట్టులో కాదు, కెమిస్ట్రీలో. ఏ రంగు తడికి కారుతుంది, పట్టు వెలుతురుకు ఎందుకు పెళుసు బారుతుంది, ఉన్ని క్షారానికి ఎందుకు పాడవుతుంది తెలియకుండా వస్త్రం మీద చెయ్యి వేయనివ్వరు. వర్క్‌షాప్ రెండు రోజుల్లో అయిపోతుంది. కెమిస్ట్రీకి ఏడాదైనా పడుతుంది కాబట్టి డిగ్రీ అయ్యేదాకా ఆగకుండా ఇప్పుడే మొదలుపెట్టించండి.