సొంత వర్గం లేని రోశయ్య గారు అంతకాలం పదవుల్లో ఎలా ఉన్నారు?

వర్గం లేదు, కులబలం లేదు, మరి ఏ కాంగ్రెస్ ప్రభుత్వం వచ్చినా రోశయ్య గారు మంత్రి ఎలా అయ్యారు, ముఖ్యమంత్రిగా ఎందుకు నిలవలేదు అని అడిగారు. నేను గుంటూరు జిల్లాలో ట్రెజరీ ఉద్యోగం చేసి రిటైరయ్యాను. ఆయన్ని సభల్లో చూసి తెలుసుకున్నదానికంటే మార్చి నెలాఖరు బిల్లుల దగ్గర తెలుసుకున్నదే ఎక్కువ.

ఆయనది మన వేమూరు. 1933లో పుట్టారు. గుంటూరు హిందూ కాలేజీలో కామర్స్ చదివారు. వైశ్యుల ఇంటి పిల్లవాడు రాజకీయం నేర్చుకున్నది నిడుబ్రోలులో, రైతు నాయకుడు ఎన్.జి. రంగా దగ్గర. 1968లో శాసనమండలికి వెళ్లారు. ఆ తర్వాత చెన్నారెడ్డి, అంజయ్య, కోట్ల, నేదురుమల్లి, వైఎస్ అందరి మంత్రివర్గాల్లోనూ ఉన్నారు.

నాకు తోచిన కారణం ఒకటే. ఆయన వల్ల ఏ ముఖ్యమంత్రికీ కుర్చీ భయం లేదు. వెనక పదిమంది ఎమ్మెల్యేలను తిప్పుకునే మనిషి కాదు. పైగా సభలో ప్రతిపక్షానికి జవాబు చెప్పాలంటే ఆయనే లేవాలి. 1985లో ఎన్టీఆర్ మండలిని రద్దు చేయడానికి రోశయ్య గారి నోరు కూడా ఒక కారణమని మా ఆఫీసులో పెద్దవాళ్లు నవ్వుకునేవారు.

ఇక ఆర్థికశాఖ. 16 బడ్జెట్లు పెట్టారు, అందులో ఏడు వరుసగా. మార్చి వచ్చిందంటే, నెలాఖరుకు ఆర్థిక సంవత్సరం ముగిసి ఖర్చు కాని నిధులు మురిగిపోతాయని ప్రతి శాఖవాళ్లూ బిల్లులు మోసుకొస్తారు. అర్ధరాత్రి దాకా బిల్లులు తీసుకుని టోకెన్లు ఇవ్వడమే. ఏ పద్దు ఆపాలి, ఏది వదలాలి అన్నది హైదరాబాద్ నుంచి రావాలి. తోటి మంత్రులకు డబ్బు లేదని చెప్పాలి, వాళ్లతో తగువూ రాకూడదు. అది అందరికీ చేతనయ్యే పని కాదండీ.

2009 సెప్టెంబర్‌లో వైఎస్ పోయాక ముఖ్యమంత్రి అయ్యారు. నెల తిరగకుండానే కృష్ణకు వరద. ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటి నీరొచ్చింది. కొల్లూరు, రేపల్లె వైపు లంకలు మునిగాయి. మేము సెలవు రోజుల్లోనూ ఆఫీసు తెరిచి సహాయం బిల్లులు పాస్ చేశాం. అలాంటి పని ఆయన నడపగలరు. డిసెంబర్ 9న తెలంగాణ ప్రకటన వచ్చాక పరిస్థితి వేరు. రెండువైపులా ఎమ్మెల్యేలు రాజీనామాలకు దిగితే ఆపడానికి తనవాళ్లు ఉండాలి కదా, ఆయనకు లేరు. మంత్రిగా కలిసొచ్చిందే ముఖ్యమంత్రిగా ఎదురుతన్నింది. 2010 నవంబర్ 24న తప్పుకున్నారు. తర్వాత అయిదేళ్లు తమిళనాడు గవర్నర్‌గా చేశారు. 2021 డిసెంబర్‌లో పోయారు.

ఇంకొకటి, ఆయన ఎప్పుడూ దొడ్డిదారి మండలి మనిషేనని చాలామంది అనుకుంటారు. 1998లో నరసరావుపేట నుంచి ఎంపీగా, 2004లో చీరాల నుంచి ఎమ్మెల్యేగా జనం ఓట్లతోనే గెలిచారు.