మోడల్ విమానాల పోటీకి ప్రేక్షకులుగా వెళ్తే ఏమి చూడాలి?

బెంగళూరు శివార్లలో జరిగే మోడల్ విమానాల పోటీకి ఏడో తరగతి చదువుతున్న మీ అబ్బాయిని తీసుకెళ్ళాలని అనుకుంటున్నారనీ, అయితే యలహంకలో ఏరో ఇండియా వైమానిక ప్రదర్శన చూసి వచ్చిన పిల్లవాడి కంటికి ఈ చిన్న విమానాలు ఆనతాయా, గంటల తరబడి ఆకాశంలో చుక్కలను చూస్తూ నిలబడితే విసుగు పుట్టదా అనీ అడిగారు. తప్పకుండా తీసుకెళ్ళండి. నేను హిందూపురం నుంచి వచ్చి చాలా ఏళ్ళుగా బెంగళూరులోనే ఉంటున్నాను. ఈ పోటీలను ఇష్టంగా చూసేవాడినే తప్ప పోటీలో ఎగరేసేవాడిని కాను కాబట్టి, గీతకు ఇవతల నిలబడినవారికి ఏమి కనిపిస్తుందో అంతవరకే చెబుతాను.

మీ అనుమానం ఒక్క సందర్భంలో మాత్రం నిజమవుతుంది. మార్కులు దేనికి వేస్తారో తెలియకుండా వెళ్తే అరగంటకే విసుగు వస్తుంది. ఏరో ఇండియాలో విన్యాసాలన్నీ చూసేవారి కోసమే కూర్చినవి కాబట్టి, ఏమీ తెలియకపోయినా గుండె ఝల్లుమంటుంది. పోటీ అలా ఉండదు. అక్కడ పైలట్, అంటే నేల మీద నిలబడి విమానాన్ని ఎగరేసే వ్యక్తి, మెప్పించవలసింది న్యాయనిర్ణేతలనూ గడియారాన్నీ మాత్రమే. పల్టీలు కొట్టి చప్పట్లు కొట్టించుకున్న విమానం చివరి స్థానంలో ఉండవచ్చు, ఎవరూ పట్టించుకోని విమానం గెలవవచ్చు. ఆ తేడా ఎక్కడ ఉందో పట్టుకోగలిగితే పూట ఎలా గడిచిందో తెలియదు.

విన్యాసాల పోటీలనే తీసుకోండి. అంతర్జాతీయంగా ఎఫ్3ఎ అని పిలిచే తరగతిలో విమానం పొడవు గాని, రెక్కల చివరి నుంచి చివరి వరకు వెడల్పు గాని 2 మీటర్లు మించకూడదు. పైలట్‌కు సుమారు 150 మీటర్ల దూరంలో, ఎడమకు 60 డిగ్రీలు, కుడికి 60 డిగ్రీలు, పైకి 60 డిగ్రీలు ఉండే ఒక ఊహా చట్రంలోనే ముందుగా ప్రకటించిన విన్యాసాలన్నీ వరుసగా చేయాలి. ఒక్కొక్క విన్యాసానికి పదికి ఇన్ని అని మార్కులు వేసి, దాని కష్టాన్ని బట్టి నిర్ణయించిన సంఖ్యతో హెచ్చవేస్తారు. మీరు న్యాయనిర్ణేతలకు అడ్డం రాకుండా, వీలైనంతవరకు వారి వెనుక వైపునే నిలబడండి, ఎందుకంటే పక్క నుంచి చూస్తే గుండ్రటి చుట్టు కూడా కోడిగుడ్డులా కనిపిస్తుంది. చుట్టు మొదలైన ఎత్తులోనే ముగిసిందా, నిలువుగా పైకి వెళ్ళేటప్పుడు గాలి పక్కకు తోస్తున్నా గీత గీసినట్టు నిటారుగానే వెళ్ళిందా, రెండు విన్యాసాల మధ్య రెక్కలు సమంగా ఉన్నాయా అని ఈ మూడింటినే గమనించమని మీ అబ్బాయికి చెప్పి, వాడి చేత కూడా ఒక కాగితం మీద మార్కులు వేయించండి. ఇద్దరు ముగ్గురు పైలట్లు ఎగరేసేసరికి వాడి మార్కులకూ ఫలితాల బోర్డు మీది వరుసకూ పొత్తు కుదరడం మొదలవుతుంది. పిల్లలు దీన్ని పెద్దలకంటే త్వరగా పట్టుకుంటారు.

అయితే ప్రేక్షకులుగా ఒకే ఒక్క విభాగం చూడగలిగే వీలుంటే, నేను గ్లైడర్ల పోటీనే చూడమంటాను. ఇవి పైకి చేరాక మోటారు ఆపేసి, గాలి మీద తేలుతూ ఎగిరే విమానాలు. ఎఫ్5జె అనే తరగతిలో ఒక బృందంలోని గ్లైడర్లన్నీ ఒకే సంకేతానికి ఒకేసారి లేస్తాయి. మోటారును గరిష్ఠంగా 30 సెకన్లు తిప్పుకోవచ్చు. ఆపిన తరువాత మళ్ళీ తిప్పితే ఆ రౌండుకు సున్నాయే. ఆ పైన మొత్తం 10 నిమిషాల గడువులో ఎన్ని సెకన్లు గాలిలో ఉంటే అన్ని పాయింట్లు. గ్లైడర్‌లోని చిన్న పరికరం మోటారు ఆగిన తరువాత 10 సెకన్ల వరకు చేరిన అత్యధిక ఎత్తును నమోదు చేస్తుంది. ఆ ఎత్తులో 200 మీటర్ల వరకు మీటరుకు అర పాయింటు, ఆ పైన మీటరుకు ఏకంగా మూడు పాయింట్లు కోత పడతాయి. కాబట్టి 200 మీటర్లు ఎక్కినవాడు 100 పాయింట్లు పోగొట్టుకుంటాడు, 60 మీటర్ల దగ్గరే మోటారు ఆపినవాడు 30 మాత్రమే పోగొట్టుకుంటాడు. కాని ఆ రెండోవాడికి పైకి లేచే గాలి దొరకకపోతే రెండు మూడు నిమిషాలలో నేల మీద ఉంటాడు. ఇంత లెక్కనూ పైలట్ ఆ 30 సెకన్లలోనే వేసుకోవాలి.

ఒక ఏడాది ఫిబ్రవరిలో హొసకోటె దాటాక ఒక ఎండిన చెరువు నేలలో చూసిన రౌండు నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉంది. కోలారు వైపు నుంచి వచ్చిన తెలుగువారు ఒకరు పోటీ చేస్తుంటే, టెన్త్ చదువుతున్న ఆయన కూతురు పక్కన నిలబడి సహాయకురాలిగా సమయం చెబుతోంది. తక్కిన గ్లైడర్లన్నీ ఇంకా పైకి పోతుండగానే ఆయన మోటారు ఆపేశారు. చూస్తున్న మాకు అది పొరపాటేమో అనిపించింది. నిమిషం గడిచేసరికి గ్లైడర్ అందరికంటే కిందికి వచ్చింది. అప్పుడు ఆ అమ్మాయి, "నాన్నా, గద్దలు! నీలగిరి తోపు మీద, ఎడమ పక్క!" అంది. రెండు గద్దలు రెక్కలు ఆడించకుండా చుట్లు తిరుగుతూ పైకి పోతున్నాయి. ఆయన చేతిలోని ట్రాన్స్‌మిటర్, అంటే రిమోట్ మీది బొటనవేలు కదిలిందో లేదో కూడా తెలియనంత మెత్తగా గ్లైడర్‌ను అటు తిప్పారు. ఒక రెక్క చిన్నగా ఎగిరినట్టు లేచింది. అంటే ఆ రెక్క కింద పైకి లేచే వేడిగాలి ఉందన్నమాట. వెంటనే ఆ రెక్క వైపే తిప్పి గద్దల కిందే చుట్లు కొట్టడం మొదలుపెట్టారు. నాలుగైదు చుట్లలో గ్లైడర్ తక్కినవాటి ఎత్తును దాటిపోయింది. నేను చూసిన విమాన విన్యాసాలలో ఏదీ నన్ను అంతగా కదిలించలేదు.

దిగడం కూడా పోటీయే. గడువు ముగిసే వేళకు నేల మీద గుర్తు పెట్టిన చోటికి ఒక్క మీటరు లోపు గ్లైడర్ వచ్చి ఆగితే 50 పాయింట్లు, దూరమయ్యేకొద్దీ మీటరుకు ఐదేసి తగ్గుతాయి. గడువు దాటితే దిగినందుకు ఏమీ రాదు. ఆ అమ్మాయి "పది, తొమ్మిది, ఎనిమిది" అని గట్టిగా లెక్కపెడుతుంటే, ఆయన గ్లైడర్‌ను భుజాల ఎత్తులో తెచ్చి, "రెండు" అనేసరికి ముక్కును గుర్తు పక్కనే మట్టిలో గుచ్చారు. టేపు పట్టి కొలిచారు. దిగే చోటికి బాగా వెనుకగా తాడు కట్టి ఉంటుంది, దానికి ఇవతల నిలబడితే ఇదంతా స్పష్టంగా కనిపిస్తుంది.

గద్దలు లేనప్పుడు గాలిని ఎలా చూడాలో కూడా చెబుతాను. మైదానంలో పొడవాటి వెదురు కర్రలకు సన్నటి ప్లాస్టిక్ రిబ్బన్లు కట్టి ఉంటాయి. ఒకచోట నేల వేడెక్కి గాలి పైకి లేచినప్పుడు చుట్టుపక్కల గాలి ఆ చోటును నింపడానికి అటు పారుతుంది కాబట్టి, రిబ్బన్లు ఉన్నట్టుండి దిశ మార్చి అటు వైపు చూపిస్తాయి. మెడ వెనుక తగిలే గాలి ఒక్కసారిగా ఆగినా, చల్లబడినా పైలట్లు తలతిప్పి చూస్తారు. వారు చూసిన వైపే మీరూ చూడండి. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్లకు పైన ఉంది కాబట్టి, ప్రామాణిక వాతావరణ లెక్క ప్రకారం ఇక్కడి గాలి సముద్రతీరం కంటే సుమారు 8 శాతం పలచన. చెన్నై నుంచి వచ్చిన పైలట్లు ఇక్కడికి రాగానే ప్రొపెల్లర్లు మార్చుకోవడం, దిగేటప్పుడు విమానం కాస్త వేగంగా వస్తోందని మాట్లాడుకోవడం విన్నాను.

కంట్రోల్ లైన్ విభాగం ఉంటే కాసేపు చూడండి. రెండు సన్నటి ఉక్కు తీగల చివర విమానం గుండ్రంగా తిరుగుతుంది, పైలట్ మధ్యలో నిలబడి పిడితో తోకను ఆడిస్తాడు. ఎన్‌సిసి వైమానిక విభాగం కేడెట్లలో చాలామంది దీనితోనే మొదలుపెడతారు. ఎగరేసేటప్పుడు ఆ వలయంలోకి ఎవరూ అడుగు పెట్టకూడదు.

ఆకాశం వైపు చూసినంతసేపూ నేల మీద, విమానాలను సిద్ధం చేసుకునే పిట్ దగ్గర కూడా చూడండి. నా అభిప్రాయంలో పిల్లలకు సగం పోటీ అక్కడే ఉంది. బాల్సా అనే తేలికైన చెక్కతో చేసిన పక్కటెముకల మీద పలచటి ఫిల్మును ఇస్త్రీపెట్టెతో బిగించిన రెక్కలు, చీలిన తోకను జిగురుతో అతికించి గుండుసూదులతో పట్టి ఉంచడం, రెక్కలనూ తోకనూ కదిలించే చిన్న మోటారు, సర్వో, ఒక్కటి కదలక రౌండు మిస్సవుతుందేమోనని నలుగురూ ఒక విమానం మీద వంగిపోవడం, పోటీలో ఎదురు నిలిచినవాడే తన పెట్టెలోంచి ఆ సర్వో తీసి ఇవ్వడం, ఇవన్నీ అక్కడ చూడవచ్చు. చిన్న ఇంజన్లు నడిచే చోట మిథనాల్, ఆముదం కలిసిన ఇంధనం కాలిన వాసన వస్తుంది. విద్యుత్ మోటార్లు వచ్చాక అది తగ్గిపోయింది. పైలట్ ఖాళీగా ఉన్నప్పుడు అడిగితే ఎవరూ విసుక్కోరు, అబ్బాయి చేతికి ట్రాన్స్‌మిటర్ ఇచ్చి చూపించేవారు కూడా ఉంటారు. రౌండుకు ముందు మాత్రం పలకరించకండి.

భద్రత విషయంలో పట్టుదలగా ఉండండి. పిల్లవాడికి పదేపదే చెప్పవలసినవి కొన్ని ఉన్నాయి. విమానాలు ఎగిరే వైపున గీసిన గీతను దాటకూడదు, విమానం పడితే ఎత్తడానికి పరుగెత్తకూడదు, ఎవరైనా గట్టిగా అరిస్తే ముందు పైకి చూడాలి. బ్యాటరీ తగిలించి ఉన్న విమానం మోటారు ఆగి ఉన్నా ప్రొపెల్లర్‌కు ఎదురుగా గాని పక్కన గాని నిలబడకూడదు, రెక్కకు వెనుక నిలబడాలి. ఈ విమానాలలో వాడే లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ గట్టిగా దెబ్బ తింటే కొంతసేపటి తరువాత కూడా అంటుకోవచ్చు. అందుకే కూలిన విమానంలోని బ్యాటరీని విడిగా, ఇసుక బకెట్ దగ్గర పెడతారు. అటు వెళ్ళనివ్వకండి. మీ దగ్గర డ్రోన్ ఉంటే ఇంట్లోనే ఉంచండి.

హెచ్ఏఎల్, జక్కూరు, యలహంక, దేవనహళ్ళి విమానాశ్రయాల వల్ల నగరంలో ఎక్కువ భాగంలో వీటిని ఎగరేయడానికి వీలుండదు, పోటీలు ఊరి బయటి బీళ్ళలోనో చెరువు నేలల్లోనో జరిగేది అందుకే. అక్కడ నీడ దొరకదు, కొట్లూ ఉండవు. టోపీలు, నల్ల కళ్ళద్దాలు, రెండు మూడు సీసాల నీళ్ళు, పులిహోరో పెరుగన్నమో, కూర్చోవడానికి ఒక చాప తీసుకెళ్ళండి. బైనాక్యులర్లు ఉంటే గ్లైడర్లకు పనికివస్తాయి. విన్యాసాలు చూడాలంటే గాలి నెమ్మదిగా ఉండే పొద్దున్నే, ఏడింటికల్లా చేరుకోండి. గ్లైడర్లకైతే నేల వేడెక్కే పది గంటల తరువాతే అసలు ఆట.

మీ అబ్బాయి తయారుచేసిన విమానాన్ని తెచ్చుకోవచ్చా అని కూడా అడిగారు. 2021 డ్రోన్ నియమాల ప్రకారం 25 కిలోల లోపు ఉండి, చదువు కోసమో వినోదం కోసమో కంటికి కనిపించే దూరంలోనే ఎగరేసే రిమోట్ విమానాలను మోడళ్ళుగా పరిగణిస్తారు. అయినా పోటీ మైదానంలో నిర్వాహకులదే మాట. రేడియో రిమోట్‌తో ఎగిరే మోడల్‌ను ఆ రోజు ఎగరనివ్వరు. చేతితో విసిరే బాల్సా గ్లైడర్ అయితే భోజన విరామంలో నిర్వాహకులను అడిగి, పిట్‌కూ రన్‌వేకూ దూరంగా, గాలికి ఎదురుగా విసరమనండి. ముక్కు పైకెత్తి విసిరితే ఆగి పడిపోతుంది కాబట్టి, నేలకు సమాంతరంగా గాని ఒక పిసరు కిందికి గాని చూపిస్తూ వదలాలి. చూసినవారెవరో ఒకరు వచ్చి ముక్కులో బరువు కోసం ఎంత మట్టి అంటించాలో, తోక ఎంత వంచాలో తప్పక చెబుతారు.